నీళ్లలో బతికేది

ఆ వానాకాలమంతా మా ఇంట్లో అందరి కళ్లూ నా చేతుల మీదే ఉన్నాయి.

నాది రంగు చేపల దుకాణం. బజారు చివర, నాలుగు మెట్లు దిగితే వచ్చే చల్లని గది. గోడల పొడుగునా గాజు తొట్లు, గాలి కొట్టే మోటార్ల రొద, నాచు వాసన. తొట్లు కడగడం, నీళ్లు మార్చడం, చచ్చినవాటిని వలతో ఏరెయ్యడం నా పని. షట్టర్ ఎత్తింది మొదలు దించేదాకా మోచేతుల వరకు నీళ్లలోనే ఉంటాను. ఇంట్లో ముందుగదిలో కూడా ఒక తొట్టి ఉండేది. అది మా ఆవిడది.

మా ఆవిడ సన్నగా ఉంటుంది, మాట్లాడటం మొదలుపెడితే ఆపదు. అందుకని పెళ్లయిన కొత్తలోనే పిట్ట అని పేరు పెట్టాను. కొన్నాళ్లకి వాళ్ల అక్క కూడా అసలు పేరు మానేసి అలాగే పిలవసాగింది. ఆ ఏడు ఎండలు తగ్గుముఖం పడుతుండగా పిట్ట మెడ పక్కన గడ్డలు కనిపించాయి. క్యాన్సరే గానీ మందుకి లొంగే రకమన్నారు డాక్టర్లు. ఆ మందు ఘాటుకి చేతి నరాలు ఆగవని, మోచేతికి పైనుంచి ఒక సన్నటి గొట్టం లోపలికి పంపారు. దాని ఒక కొస గుండె దగ్గర ఉంటుంది. రెండో కొస బయట చర్మం మీద, చిన్న మూతతో, లోపలిది కనిపించే పట్టీ కింద ఉంటుంది.

"ఇది మేం తెరిచిన తలుపండీ," అని వార్డు సిస్టర్ నాకు నేర్పింది. "మందు పోవడానికి తెరిచాం. జాగ్రత్త లేకపోతే మందు వెనకాలే ఇంకేవేవో దూరతాయి. చేతులు కడుక్కోకుండా ముట్టుకోవద్దు. తడవనివ్వద్దు. మూతని స్పిరిట్ దూదితో గట్టిగా రుద్దాలి, ఆరనివ్వాలి, ఆ తర్వాతే సిరంజి పెట్టాలి."

సిస్టర్ మాటలు చెప్పి ఊరుకునే మనిషి కాదు. ఒక మంచం దగ్గర్నుంచి ఇంకో మంచం దగ్గరికి వెళ్లే ప్రతిసారీ సింకు దగ్గరికి వెళ్లి వేళ్ల సందులు కూడా వదలకుండా కడుక్కునేది. కడిగి కడిగి ఆవిడ వేలి కణుపులు పగిలిపోయి ఉండేవి. వారానికోసారి వార్డుకి వెళ్తే ఆవిడే పట్టీ మార్చి, గొట్టం పూడుకుపోకుండా సెలైన్ ఎక్కించేది. వారం మధ్యలో ఇంట్లో ఒకసారి నేను ఎక్కించాలి. ఆస్పత్రివాళ్లే సీలు వేసిన చిన్న సీసాలు ఇచ్చారు. నేను చేస్తున్నంతసేపూ పిట్ట నా మొహంలోకి చూస్తూ ఉండేది.

"నాలిక బయట పెట్టి మరీ చేస్తున్నారు, స్కూలు పిల్లాడిలా," అని నవ్వేది.

ఒకరోజు వార్డుకి వెళ్లొచ్చాక సాయంత్రం పిట్టకి చలి మొదలైంది. ఉన్న దుప్పట్లన్నీ కప్పినా మంచం కదిలిపోయేంత వణుకు. పళ్లు టకటకా కొట్టుకుంటుంటే మాట రాలేదు. ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాను. గొట్టంలోంచి కొంత, రెండో చేతిలోంచి కొంత రక్తం తీసి పరీక్షకి పంపారు. జ్వరం దిగడానికి రోజులు పట్టింది. ఈలోగా మా వదిన పెట్టె సర్దుకుని దిగింది.

వదిన అంటే పిట్ట అక్క. బస్సుల్లో చెకింగ్ ఇన్‌స్పెక్టర్. నడుస్తున్న బస్సు ఎక్కి, నిండా జనం ఉన్నా టికెట్ లేనివాడి భుజం మీద నేరుగా చెయ్యి వెయ్యగలదు. "లేనివాడు అందరికంటే ముందు కిటికీలోంచి బయటికి చూస్తాడు" అంటుంది. దీర్ఘ సెలవు పెట్టి వచ్చింది. నా పెళ్లి నాటి నుంచీ నా జేబులో టికెట్ ఉందో లేదో ఆవిడకి పూర్తిగా నమ్మకం కుదరలేదని నా అనుమానం.

పరీక్ష ఫలితం చెప్పడానికి ల్యాబ్ డాక్టరమ్మ వార్డుకి వచ్చింది. నెరిసిన జుట్టు, మెల్లగా మాట్లాడే మనిషి.

"ఇది నీళ్లలో బతికే క్రిమి," అంది. "కుళాయిల్లో, సింకుల్లో, నిలవ నీళ్లలో ఉంటుంది. మామూలు మనిషిని ఏమీ చెయ్యదు. ఇలా గొట్టం ఉన్నవాళ్ల రక్తంలోకి వెళ్తేనే ప్రమాదం."

పక్కనున్న కుర్ర డాక్టరు నావైపు తిరిగాడు. "మీరేం చేస్తుంటారు?"

"చేపలమ్ముతానండీ."

"మార్కెట్లోనా?"

"కాదండీ. తినే చేపలు కాదు, చూసే చేపలు."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. "అంటే బతికున్నవి. నీళ్లలో."

"నీళ్లలోనేనండీ," అన్నాను. చేపలు ఇంకెక్కడ ఉంటాయి?

వదిన తల తిప్పి, నా మొహం వదిలేసి, నా చేతుల వైపు చూసింది. దుకాణం నుంచి నేరుగా వచ్చానేమో, గోళ్ల చివర్లు ఇంకా నాని తెల్లగా ఉన్నాయి. తెలియకుండానే చేతులు వెనక్కి పెట్టుకున్నాను. అదే నేను చేసిన పొరపాటు. టికెట్ లేనివాడు కిటికీలోంచి బయటికి చూసినట్టయింది.

"ఒకసారి మన వార్డు కూడా చూద్దామా?" అని డాక్టరమ్మ అడిగింది.

"మన వార్డు రోజుకి రెండుసార్లు కడుగుతారు మేడమ్," అన్నాడు కుర్ర డాక్టరు. "కారణం ఎదురుగా కనపడుతుంటే ఇంకా వెతకడమెందుకు?"

*

ఇంట్లో ఉన్న తొట్టిని ఆ రోజే దుకాణానికి చేరవేశాను. తొట్టి ఉన్నచోట గోడ మీద తడి మరక ఒకటి మిగిలింది. పిట్ట దానివైపు చూసి, "పోనీలెండి, అవైనా సుఖంగా ఉంటాయి," అంది. అంతకు మించి మాట్లాడలేదు.

వదిన చట్టాలు పెట్టింది. దుకాణం నుంచి వస్తే గుమ్మం బయటే చొక్కా విప్పాలి. పెరట్లో స్నానం చేసి గానీ లోపలికి అడుగుపెట్టకూడదు. నేను అన్నీ చేశాను. వారం మధ్యలో సెలైన్ ఎక్కిస్తుంటే ఆవిడ నా వెనకాల నిలబడి ఊపిరి బిగబట్టి చూసేది. ఇప్పుడు నా నాలిక గురించి పిట్ట ఏమీ అనడం లేదు. ఆమె కూడా నా వేళ్లనే చూస్తోంది.

మళ్లీ వణుకు వచ్చింది. మళ్లీ అదే క్రిమి. ఈసారి డాక్టర్లు ఆ గొట్టం తీసేసి, రోజులు గడిచాక రెండో చేతికి కొత్తది పెట్టారు. ఇంటికొచ్చాక వదిన స్పిరిట్ దూది, సీసాలు, సిరంజీలు అన్నీ ఒక స్టీలు డబ్బాలో పెట్టి తన గదిలోకి తీసుకుపోయింది.

"ఇకమీదట నేనే చేస్తాను. సిస్టర్ దగ్గర నేర్చుకున్నాను. నువ్వు ముట్టుకోకు."

సరేనన్నాను. నిజం చెప్పాలంటే బరువు దిగినట్టు కూడా అనిపించింది. నేను కాదని ఇలాగైనా తేలుతుందిగా.

కొత్త గొట్టం పెట్టాక కూడా జ్వరం వచ్చింది, అదే క్రిమితో.

ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన రోజు వదిన నన్ను వంటగదిలోకి పిలిచి తలుపు చేరవేసింది. బయట వాన జోరుగా పడుతోంది.

"మరిదీ, అరవను. గొడవ చెయ్యను. నిజం చెప్పు. నేను లేనప్పుడు దాన్ని ముట్టుకున్నావా?"

"లేదు వదినా."

"పట్టీ ఊడిపోయిందనో, సరిచేద్దామనో?"

"లేదు. ఒట్టు."

"పట్టుబడ్డవాళ్లంతా అదే అంటారు. ఇప్పుడే జేబులో ఉండిందండీ అంటారు." ఆవిడ గొంతు వణికింది. అంతవరకు ఆవిడ గొంతు వణకడం నేను వినలేదు. "నాకున్నది ఒక్క చెల్లెలు. ఆ నీళ్లలోది ఇంట్లోకి ఎలా వస్తోంది మరి? నేను తెస్తున్నానా?"

తలుపు తీసుకుని బయటికి వచ్చాను.

పిట్ట గదిలోకి వెళ్లాను. కళ్లు తెరిచే పడుకుని ఉంది. మా మాటలు వినపడకుండా ఉండటానికి ఆ తలుపేమంత మందమైనది కాదు. తాగడానికి నీళ్లు కావాలేమోనని గ్లాసు తీసుకుని దగ్గరగా వంగాను. పిట్ట గొట్టమున్న చేతిని మెల్లగా దుప్పటి లోపలికి జరుపుకుంది. రెండో చేత్తో గ్లాసు అందుకుని, "థాంక్సండీ," అంది.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నాకు థాంక్స్ చెప్పడం అదే మొదలు.

ఆ రోజే చాప, దిండు తీసుకుని దుకాణానికి వెళ్లిపోయాను. నన్ను ఎవరూ వెళ్లమనలేదు. ఉండమని కూడా ఎవరూ అనలేదు.

*

అనుమానం కూడా అంటుకునేదే. దుకాణంలో ఉంటూ నేను వదినని అనుమానించడం మొదలుపెట్టాను. పొద్దున్నే వెళ్లి గుమ్మం బయట కుర్చీలో కూర్చునేవాణ్ణి. కిటికీలోంచి ఆవిడ పిట్టకి చేసేదంతా కళ్లల్లో ఒత్తులేసుకుని చూసేవాణ్ణి. దూదితో రుద్దుతోందా, ఊరికే తాకిస్తోందా? మధ్యలో తల గోక్కుందా? కడిగిన చేతుల్ని చీర కొంగుకి తుడుచుకుందా? ఒకరోజు ఆవిడ సెల్‌ఫోన్ ముట్టుకుని మళ్లీ చేతులు కడుక్కోలేదనిపించి, కిటికీ దగ్గరికి పరుగెత్తాను.

"కడుక్కున్నానయ్యా!" అని అరిచింది ఆవిడ. "కడుక్కున్నాకే చూశావు నువ్వు!"

ఆఖరికి నన్ను నేను కూడా నమ్మలేకపోయాను. నా చెమటలో ఉందేమో, ఊపిరిలో ఉందేమో. తొట్టిలో చెయ్యి పెట్టిన ప్రతిసారీ ఒళ్లు గగుర్పొడిచేది. కొనడానికి వచ్చినవాళ్లకి చేపని సంచిలో వేసి ఇస్తూ, "ఇంట్లో జబ్బుమనుషులు లేరు కదండీ?" అని అడిగేవాణ్ణి. ఒకాయన సంచీ తిరిగిచ్చేసి వెళ్లిపోయాడు.

వార్డుకి వెళ్లే రోజు మాత్రం నేనూ వెంట వెళ్లేవాణ్ణి. ఆటో ముందు సీట్లో కూర్చునేవాణ్ణి. వార్డులోకి పిట్టతో వదిన ఒక్కర్తే వెళ్లేది. నేను వరండాలో బెంచీ మీద.

ఆ రోజు బెంచీకి ఆ కొసన ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. బళ్లో డ్రిల్ మాస్టారుగా చేసి రిటైరయ్యాడట. నిటారుగా కూర్చోవాలని చూస్తున్నాడు గానీ ఒళ్లంతా ఎగిరిపడుతోంది. పక్కన ఆయన కూతురు, ఇరవయ్యేళ్లు దాటిన పిల్ల, తన చున్నీ కూడా తీసి ఆయనకి కప్పుతోంది. ఆయన చేతికీ పిట్టకున్నలాంటి గొట్టమే ఉంది. ఆ వణుకు నాకు తెలుసు. చూడలేక మొహం తిప్పుకున్నాను.

వార్డు తలుపు తీసుకుని వదిన బయటికి వచ్చింది. ఆయన్ని చూసి ఆగిపోయింది.

"ఏమ్మా, ఎప్పటినుంచి ఇలా?"

"పోయినసారి కూడా వచ్చిందండీ," అంది ఆ పిల్ల. "ఇక్కడికి వచ్చి వెళ్లాక. స్నానం చేయించేటప్పుడు నేనే తడిపేస్తున్నానంటున్నారు. నేను ప్లాస్టిక్ చుట్టే పోస్తున్నానండీ. ఎంత చెప్పినా నమ్మరు. ల్యాబువాళ్లు నీళ్లలో ఉండే పురుగంటున్నారు."

వదిన ఆ పిల్ల పక్కన కూర్చుంది. బస్సులో సీటు పక్కన నిలబడి అడిగే గొంతుతోనే అడిగింది.

"మీ ఇంట్లో చేపలున్నాయా?"

"చేపలా?"

"తొట్టిలో. పెంచుకునేవి."

"మాకు కుక్కపిల్ల కూడా లేదండీ. ఒకటే గది."

వదిన నావైపు చూసింది. ఆ చూపు నా చేతుల దాకా దిగలేదు, మొహం దగ్గరే ఆగిపోయింది. ఆ పిల్ల ఇల్లెక్కడో అడిగి తెలుసుకుని, లేచి లోపలికి వెళ్లింది.

*

తర్వాతి వారం పిట్ట వంతు అయిపోయాక కూడా వదిన వార్డులోంచి కదల్లేదు. గోడ వారగా ఒక స్టూలు లాక్కుని కూర్చుంది. సిస్టర్ పనిమీద పనిగా తిరుగుతూ, "ఇంకేమైనా కావాలా అమ్మా?" అని రెండుసార్లు అడిగింది. "ఏం లేదు, మీ పని మీరు చూసుకోండి," అంది వదిన. తన చేతులు కడుగుతున్నదీ లేనిదీ చూడటానికే ఈవిడ కూర్చుందనుకుందేమో, సిస్టర్ ఇంకా ఒకటికి రెండుసార్లు కడుక్కుంది. మంచం మంచానికీ మధ్య సింకు దగ్గరికే. సబ్బు, నురగ, ధారగా నీళ్లు.

మధ్యాహ్నం అవుతుండగా వదిన తలుపు దగ్గరికి వచ్చి నన్ను చెయ్యూపి పిలిచింది.

"అక్కడ చూడు మరిదీ. నాకొక్కదానికే కనిపిస్తోందా?"

చూశాను. కుళాయి నీళ్లు నేరుగా సింకు మధ్యలో ఉన్న రంధ్రం మీద పడి చిట్లుతున్నాయి. దాని పక్కనే గట్టు మీద పెద్ద స్టీలు ట్రే. అందులో పొద్దున్నే సెలైన్ నింపి వరుసగా పేర్చిన సిరంజీలు. వాటికి మూతలు లేవు. వారం వారం చూసిన ట్రేయే అది. ఆస్పత్రిది కదా, తళతళా మెరుస్తోంది కదా అని అనుమానించలేదు.

"కనిపిస్తోంది వదినా," అన్నాను.

వదిన కుర్ర డాక్టరు దగ్గరికి పోలేదు. నేరుగా ల్యాబ్ డాక్టరమ్మ గదికి వెళ్లి, వెంటబెట్టుకుని వచ్చింది. డాక్టరమ్మ సింకు చూసి, ట్రే తీయించి, దాని స్థానంలో తెల్లటి గుడ్డ పరిచింది. చిన్న సీసాలోంచి నీలం రంగు సింకు రంధ్రంలో ఒంపింది.

"సిస్టర్, మీరు ఎప్పుడూ కడుక్కున్నట్టే చేతులు కడుక్కోండి."

సిస్టర్ కడుక్కుంది. వేళ్ల సందులు, మణికట్లు, అన్నీ. కుళాయి కట్టేసింది. అందరం గుడ్డ మీదికి వంగాం. దాని మీద ఆవగింజలంత నీలం చుక్కలు, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా.

సిస్టర్ తడి చేతులు అలాగే గాలిలో పట్టుకుని నిలబడిపోయింది. "నేను కడుక్కున్న ప్రతిసారీ..." అంది.

"కడుక్కోవడం తప్పు కాదు సిస్టర్," అంది డాక్టరమ్మ. "మీ చేతులు ఎంతమందిని కాపాడాయో నాకు తెలుసు. ట్రే ఇక్కడ ఉండకూడదు. సిరంజీలు ముందే నింపకూడదు. ఇది ఎప్పుడో చూడాల్సింది మేము."

కుర్ర డాక్టరు గుడ్డ మీది చుక్కల్ని చూస్తూ ఉండిపోయాడు.

సింకు రంధ్రంలోంచి గీకి తీసిన పాచిలో అదే క్రిమి దొరికిందని తర్వాత చెప్పారు. మందులు కలిపే చోటు వేరే గదికి మారింది. సీలు వేసి వచ్చే సిరంజీలు తెప్పించారు, ఎవరి సిరంజి వాళ్ల ముందే విప్పేవారు. పెద్ద డాక్టరు రోజూ ప్రతి మంచం దగ్గరా ఆగి, "ఈ గొట్టం ఇంకా అవసరమేనా?" అని అడగడం మొదలుపెట్టాడు. అవసరం లేకపోతే ఆ రోజే తీసేసేవారు. ఆ వార్డులో వణుకులు ఆగిపోయాయి.

డ్రిల్ మాస్టారు మాత్రం అప్పటికే పోయారు.

నేను ఇంకా దుకాణంలోనే పడుకుంటున్నాను. పోయి పడుకున్నది నేనే గానీ, తిరిగి రావడానికి ఎవరో ఒక మాట అనాలనిపించింది. వదిన పొద్దున్నే నాకు క్యారియర్ తెచ్చిస్తోంది. మెట్లు దిగి, తొట్ల మధ్య నిలబడి, "ఈ నల్లది ఏం తింటుంది?" లాంటివి అడుగుతోంది. క్షమించమని అడగడం ఆవిడకి రాదు. స్టీలు డబ్బా మళ్లీ నా చేతికిచ్చి, "నీ చెయ్యే తేలిక," అంది. ఆ మాట చాలనుకున్నాను. పిట్ట మాత్రం ఏమీ అనలేదు. నేను సెలైన్ ఎక్కిస్తుంటే కిటికీ వైపు చూసేది.

ఒకరోజు అలా చూస్తూనే అడిగింది. "అక్కా, ఆ మాస్టారి కూతురికి ఎవరైనా చెప్పారా?"

"ఆస్పత్రివాళ్లు చెప్తారులే."

"చెప్పారేమో కనుక్కో."

వదిన కనుక్కుంది. చెప్పలేదు. ఉత్తరం రాయాలని అనుకుంటున్నారట.

"అయితే మనం పోదాం," అంది పిట్ట. ఆమెకి ఒంట్లో ఓపిక ఉండే వారం అది. వాన తెరిపిచ్చింది. ముగ్గురం ఆటోలో వెళ్లాం.

ఒకటే గది. కుట్టు మిషన్ చుట్టూ సగం కుట్టిన స్కూలు సంచులు గుట్టలుగా ఉన్నాయి. మమ్మల్ని కూర్చోబెట్టడానికి ఆ పిల్ల సంచులు పక్కకి నెట్టింది. వదిన మొత్తం చెప్పింది. సింకు, ట్రే, నీలం చుక్కలు, ఏదీ దాచలేదు. ఆ పిల్ల మిషన్ చక్రం మీద చెయ్యి వేసి, కదలకుండా వింది.

"అంటే నేను తడపలేదు," అంది.

"నువ్వు తడపలేదమ్మా."

"నాన్న ఇది వినుంటే బాగుండేది." ఆ పిల్ల కళ్లు తుడుచుకోలేదు. "చివర్లో నన్ను స్నానం చేయించనివ్వలేదు. పక్కింటాయన్ని పిలిపించుకున్నారు. నేను దగ్గరికెళ్తే చెయ్యి దుప్పట్లోకి లాక్కునేవారు. ఏమీ అనేవారు కాదు. చెయ్యి మాత్రం లాక్కునేవారు."

నేను సంచుల వైపు చూస్తూ కూర్చున్నాను.

పిట్ట లేచి వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుంది. "ఆయనకి భయమేసింది," అంది. "నిన్ను చూసి కాదు. లోపలికి ఏదో పోతోందని తెలుసు, అదేమిటో తెలీదు. అప్పుడు ఎవరు దగ్గరికొచ్చినా భయమే. నాకు తెలుసు. నేనూ లాక్కున్నాను."

ఆ పిల్ల పిట్ట భుజం మీద తల పెట్టి అప్పుడు ఏడ్చింది.

తిరిగొచ్చేటప్పుడు నేను అలవాటుగా ఆటో ముందు సీటు వైపు నడిచాను. వదిన నా భుజం మీద చెయ్యి వేసి ఆపి, తనే ముందుకెళ్లి డ్రైవరు పక్కన కూర్చుంది. వెనక పిట్టా నేనూ. దారంతా మాట్లాడుకోలేదు. ఇంటి సందు మలుపు దగ్గర ఆటో మెల్లగా వెళ్తుంటే పిట్ట అంది.

"దుకాణంలో ఆ చాప దేనికి?"

"ఎందుకు?"

"తడి గది. రొంప పట్టి, తుమ్ముతూ నా దగ్గరికొస్తారు. అప్పుడు ఆ డాక్టరమ్మ వచ్చి మీ ముక్కు చుట్టూ నీలం రంగు పూస్తుంది. చుట్టుపక్కలవాళ్లంతా చూడ్డానికొస్తారు. వాళ్లకి టికెట్లు మా అక్క ఇస్తుంది..."

ఆటో ఆగింది. వదిన దిగి డబ్బులిచ్చింది. పిట్ట ఇంకా మాట్లాడుతూనే ఉంది.